బీరువా వెనకావిడ

మేస్త్రీ అంటే ఇళ్ళు కట్టే మేస్త్రీ అనుకునేరు. ఇతను ఇళ్ళు ఖాళీ చేసే మేస్త్రీ. ఒక ఇంట్లో సామానంతా మూటగట్టి, లారీకెక్కించి, ఇంకో ఇంట్లో దించి సర్దిపెట్టే కంపెనీలో అతని సగం జీవితం గడిచిపోయింది. బరువు ఎత్తినప్పుడల్లా "మెల్లగా, మెల్లగా" అని కేకేయడం అలవాటు. అందుకని తోటివాళ్ళు అతనికి మెల్లగా మేస్త్రీ అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గాని, ఆ మెల్లగా అన్నది గాజు బల్లల దగ్గర, నిలువుటద్దాల దగ్గర తప్ప ఆ మనిషిలో ఇంకెక్కడా కనబడదు. తిండి హడావుడి, స్నానం హడావుడి, చివరికి నిద్ర కూడా ఎవరో తరుముతున్నట్టే పోతాడు.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. పొద్దు వాలేసరికి లారీ ఖాళీ అయిపోవాలి. బరువు భుజాన పెట్టుకుని గడపలో నిలబడి "ఎక్కడ పెట్టమంటారు?" అని అడగాలి. ఇంటివాళ్ళ వేలు ఎటు చూపిస్తే వస్తువు అటు చేరిపోవాలి. దానికి తిరుగు లేదు. వేలు చూపించాక మనసు మార్చుకునేవాళ్ళంటే మేస్త్రీకి ఒళ్ళు మంట. ఒకసారి ఒకావిడ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ పరధ్యానంగా వంటగది వైపు చెయ్యి ఊపింది. మేస్త్రీ వంటగది నడిమధ్యన మంచం వేసి, నవ్వకుండా సంతకం పెట్టించుకుని వచ్చేశాడు. ఆ కథ కంపెనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇప్పుడు వయసు మీదపడింది. నడుము అతని మాట వినడం మానేసి చాలా రోజులైంది. లారీ సీటు కింద ఒక నడుం పట్టీ దాచుకున్నాడు. పొద్దున పనిలోకి దిగేముందు బిగించుకుంటాడు, సాయంత్రం ఇంటికి బయల్దేరేముందు విప్పి మళ్ళీ అక్కడే పెట్టేస్తాడు. ఇంట్లో చూస్తే భార్య బెంగపెట్టుకుంటుందని.

ఆ భార్య బట్టల ఫ్యాక్టరీలో పని చేసేది. కుట్టు పూర్తయిన చొక్కాల్ని తిరగేసి, వేలాడే దారాలు కత్తిరించి, కుట్టు తప్పిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టే పని. మిషన్ల మోతలో గొంతు చించుకుని కబుర్లు చెప్పుకోవడం అక్కడి ఆడవాళ్ళకి అలవాటు. ఇంటికొచ్చినా ఆమె గొంతు తగ్గేది కాదు. గోడ అవతలివాళ్ళకి కూడా వీళ్ళింటి వార్తలు తెలిసిపోయేవి. పోయిన ఏడాది గుండెకి ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, పని పోయింది. రక్తాన్ని పలచన చేసే మాత్రలు రోజూ వేసుకోవాలి, బరువులెత్తకూడదు, మెట్లెక్కకూడదు. వాళ్ళుండేదేమో మూడో అంతస్తు, లిఫ్టు లేదు. గడప దాటొద్దని డాక్టరు చెప్పకుండానే చెప్పినట్టయింది.

పిల్లలు లేరు. పొద్దు పొడవకముందే మేస్త్రీ వెళ్ళిపోతే మళ్ళీ చీకటి పడే వేళకే రావడం. వచ్చి "ఎలా ఉంది?" అంటాడు. "బాగానే ఉంది" అంటుంది. "మీకెలా జరిగింది?" అంటే "తేలిక సామానే" అంటాడు. రెండూ పచ్చి అబద్ధాలే. ఆ అబద్ధాలు చెప్పుకున్నాక ఇంక మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. తిని పడుకునేవారు.

అలాంటి రోజుల్లో, దిక్కులేని పిల్లుల్ని చేరదీసే ఆశ్రమమొకటి కొత్త చోటికి మారుతూ ఈ కంపెనీ లారీని పిలిచింది. దాన్ని నడిపే పెద్దావిడని అందరూ పిల్లులమ్మ అంటారు. మేస్త్రీ బోనులు మోస్తున్నాడు. అన్ని బోనుల్లోంచీ అరుపులు వస్తుంటే ఒక్కదాంట్లోంచి మాత్రం కిక్కురుమనడం లేదు. వంగి చూస్తే, బూడిదరంగు పిల్లి ఒకటి, చెవి కొస చిరిగినది, మూలకి అతుక్కుపోయి ఉంది. ఇదివరకు రెండిళ్ళవాళ్ళు తీసుకెళ్ళి, రెండిళ్ళవాళ్ళూ వెనక్కి తెచ్చి ఇచ్చేశారట. గొడవ చేసి కాదు, అసలు కనబడకపోవడం వల్ల. పిల్లిని పెంచుకుంటున్నామో, మంచం కింద చీకటికి అన్నం పెడుతున్నామో తెలియడం లేదని ఒకాయన విసుక్కున్నాడట.

మేస్త్రీకి ఇంట్లో ఒంటరిగా కూర్చునే మనిషి గుర్తొచ్చింది. పగలంతా తోడుంటుంది కదా అనుకున్నాడు. అడిగాడు. పిల్లులమ్మ వెంటనే ఇవ్వలేదు. ఇల్లెంత, ఇంట్లో ఎవరెవరు, అరుస్తారా, కొడతారా అని పెళ్ళిచూపుల్లో కూడా అడగనన్ని ప్రశ్నలు అడిగింది. చివరికి, చిన్న గదిలో పెట్టమని, దాక్కుంటే దాక్కోనివ్వమని, ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి లాగొద్దని, అదే వస్తుందని చెప్పింది. ఎప్పుడొస్తుంది అని అడిగాడు. "వచ్చినప్పుడు" అంది. మేస్త్రీ వృత్తిలో అలాంటి జవాబు లేదు. అయినా తలూపి ఊరుకున్నాడు.

సాయంత్రం బోను భుజాన పెట్టుకుని మూడంతస్తులూ ఎక్కి, అలవాటు కొద్దీ గడపలో ఆగి "ఎక్కడ పెట్టమంటావు?" అని అడిగాడు. భార్య ముందు బోను వైపు చూసింది, తర్వాత అతని ముఖం చూసింది. చాలా నెలల తర్వాత నవ్వింది. ఒళ్ళో చేత్తో తట్టి చూపించి "ఇక్కడ" అంది.

బోను తలుపు తీశాడో లేదో, పిల్లి గదికి అడ్డంపడి పరిగెత్తి బీరువా వెనక మాయమైపోయింది. ఇనుప బీరువాకీ గోడ మూలకీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంది. ఆ సందే దానికి ఇల్లయింది. గిన్నెలో పెట్టింది అందరూ పడుకున్నాక ఖాళీ అయ్యేది. తెల్లారి చూస్తే ఇసుక తొట్టిలో గీతలు ఉండేవి. మనిషి కంటికి మాత్రం కనబడేది కాదు. భార్య దానికి బీరువా వెనకావిడ అని పేరు పెట్టింది. "బీరువా వెనకావిడ రాత్రి చేప ముక్క మొత్తం తినేసిందండీ" అని పొరుగింటి సంగతి చెప్పినట్టు చెప్పేది.

మేస్త్రీది హడావుడి మనిషని చెప్పాను కదా. బ్యాటరీ లైటు వేసి సందులోకి చూశాడు. రెండు కళ్ళు మెరిసి ఇంకా వెనక్కి పోయాయి. నేలమీద బోర్లా పడుకుని బతిమాలాడు. ముద్దుగా ఉంటుందని ఒక అట్టపెట్టెతో చిన్న ఇల్లు తయారుచేద్దామని కూర్చున్నాడు. టేపు బర్రున లాగేసరికి బీరువా వెనక ఇనుము మీద గోళ్ళు గీసుకున్న చప్పుడైంది, ఆ రోజు గిన్నె ముట్టలేదు. పిలిచి తెచ్చుకున్న చుట్టంలా తిని కూర్చోవడమే గాని ముఖం చూపించదేమిటని అతనికి లోలోపల ఉక్రోషం. సందు ముందు కుర్చీ వేసుకుని భార్య రోజంతా ఎదురుచూసేది. అతను రాగానే "ఇవాళ కూడా రాలేదండీ" అనేది. ఆ మాట వినడానికి మూడంతస్తులు ఎక్కి రావడమంటే అతనికి ప్రాణం ఉసూరుమనేది.

ఇక వదిన సంగతి. భార్యకి అక్క, అదే ఊళ్ళో ఉంటుంది. మందులూ కూరలూ తెచ్చిచ్చి పోతుంటుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. జబ్బు మనిషి ఇంట్లో గోళ్ళున్న జంతువేమిటని మొదటిరోజే గొడవపడింది. చిన్న గీత పడితే చాలు, ఆ మాత్రలకి రక్తం ఆగదని భయపెట్టింది. ఏం కాదులే వదినా అని మేస్త్రీ తేలిగ్గా తీసిపారేశాడు.

ఒకరోజు లాయరు ఇల్లొకటి మార్చాల్సి వచ్చింది. అన్నీ పుస్తకాలే. పుస్తకాల పెట్టె చూడ్డానికి చిన్నది, ఎత్తితే బండరాయి. పొద్దుటి నుంచి మోసి మోసి అతని నడుము విరిగిపోయేలా ఉంది. పైగా లాయరు భార్య పుస్తకాల బీరువా ఒక గోడకి పెట్టించి, మళ్ళీ ఇంకో గోడకి మార్పించి, చివరికి మొదటి గోడే బాగుందంది. ఇంటికొచ్చేసరికి మేస్త్రీకి ప్రపంచం మీదే కోపంగా ఉంది. తలుపు తీసి చూస్తే, భార్య సందు ముందు కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది. రెండు చేతులూ ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి.

ఆ ఖాళీ చేతులు చూసి అతను ఆగలేకపోయాడు. వెంటనే చెయ్యకూడని పని చేశాడు. గోనెసంచి మడిచి బీరువా కాళ్ళ కిందకి దోపాడు. చప్పుడు కాకుండా, నేలమీద గీత పడకుండా, నిండు బీరువాని ఒక్కడే పక్కకి జరిపాడు. వంగి పిల్లిని మెడ మీద చర్మం పట్టి ఎత్తాడు. ఇల్లు మారేవాళ్ళ పిల్లుల్ని అలా ఎత్తి బోనులో పెట్టడంలో అతను ఆరితేరినవాడు. తనకి పిల్లులంటే బాగా తెలుసని అతని నమ్మకం. నిజానికి అతనికి తెలిసిన పిల్లులన్నీ ఇల్లు మారే రోజు పిల్లులే. మామూలు రోజున పిల్లి ఎలా ఉంటుందో అతను ఏనాడూ చూసినవాడు కాదు. మొదటిరోజు ఆమె ఒళ్ళో తట్టి "ఇక్కడ" అంది కదా, అది అతని బుర్రలో చిరునామాలా ఉండిపోయింది. తీసుకొచ్చి అక్కడ పెట్టేశాడు.

ఆమె ఉలిక్కిపడి లేచింది. పిల్లి అంతకంటే ఉలిక్కిపడింది. నాలుగు కాళ్ళతో ఆమె చేతిని తన్ని ఎటో దూకేసింది. మోచేతి నుంచి మణికట్టు దాకా గీతలు. ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా అయ్యాయి. ఒక తువ్వాలు తడిసింది, ఇంకోటి తడిసింది, రక్తం ఆగలేదు. మేస్త్రీ ఆమెని వీపున వేసుకుని మూడంతస్తులు దిగాడు. ఎన్ని బీరువాలు దించినవాడో, ఆ మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం నోట్లోంచి ఒక్క కేక రాలేదు. వీధి చివర ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి ఒత్తిపట్టి, కట్టు కట్టి, ఇంకాసేపు ఆలస్యమైతే ఏమయ్యేదో విసుగ్గా చెప్పాడు.

వదిన ఆస్పత్రికే పరిగెత్తుకొచ్చింది. ఆవిడ అరవలేదు. ఆవిడ అరవకపోతేనే భయపడాలని మేస్త్రీకి తెలుసు.

"ఇంకొక్క గీత పడిందంటే మిమ్మల్నెవర్నీ అడగను మరిదీ. ఆ పిల్లిని నేనే పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను" అంది.

భార్య కట్టు కట్టిన చేతిని చూసుకుంటూ మెల్లగా అంది. "పిల్లిదేం తప్పు లేదక్కా. అది రాలేదు. ఈయన దించిపెట్టారు."

తిట్టినా బాగుండేదని మేస్త్రీ అనుకున్నాడు. తిట్లు అతనికి కొత్త కాదు. రోజూ ఇంటివాళ్ళు తిడుతూనే ఉంటారు, దులిపేసుకుంటాడు. ఈ మాట మాత్రం దులిపినా పోలేదు. పడుకుంటే గుర్తొచ్చింది, మర్నాడు వేరేవాళ్ళ సోఫా మోస్తుంటే గుర్తొచ్చింది.

ఆ తర్వాత పిల్లి తిండి మానేసింది. పెట్టింది పెట్టినట్టే ఎండిపోయేది. మేస్త్రీ లారీలో కూర్చుని పిల్లులమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ పెట్టాల్సిన చీవాట్లన్నీ పెట్టింది. పిల్లి తిండి మానితే ఎన్నాళ్ళో బతకదని చెప్పింది. బీరువా ముందు ఎక్కడుండేదో మళ్ళీ అక్కడే పెట్టమంది, సందు వెడల్పు కూడా మారకూడదంది. భార్యని రోజూ కాసేపు ఆ సందు దగ్గర కూర్చుని ఏదో ఒకటి మాట్లాడమంది, పిల్లి వైపు చూడకుండా, మెత్తటి గొంతుతో. మరి నేనేం చెయ్యాలని మేస్త్రీ అడిగాడు. మీరు దాని కంట పడకండి, మీ చప్పుడు కూడా దానికి వినబడనివ్వకండి అని ఆవిడ చెప్పింది.

ఆ రోజు నుంచి మేస్త్రీ సొంతింట్లో దొంగయ్యాడు. చెప్పులు కింది అంతస్తులోనే విప్పేసేవాడు. తాళంచెవుల గుత్తికి గుడ్డ చుట్టాడు. గదిలోకి పోకుండా నేరుగా వంటింట్లోకి పోయి, అక్కడే తిని, గిన్నెల అలమరకీ నీళ్ళ బిందెకీ మధ్య చాప వేసుకుని ముడుచుకుని పడుకునేవాడు. ఆ ఇరుకులో ఒక పక్కకే పడుకోవాలి, రెండో పక్కకి తిరిగే వీల్లేదు. పొద్దున్నే లేవడానికి అలమర పట్టుకుని లేవాల్సి వచ్చేది. అయినా ఏమనలేదు. తను చేసిన పనికి ఇది చాలా తక్కువ శిక్షే అనుకున్నాడు.

పిల్లి మళ్ళీ తినడం మొదలుపెట్టింది. ముందు కొంచెం నాకి వదిలేసేది, తర్వాత సగం, తర్వాత గిన్నె అంతా. ఆ సంగతి భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి గుసగుసగా చెప్పేది. కొన్నాళ్ళకి ముక్కు బయటపెట్టిందని చెప్పింది. ఇంకొన్నాళ్ళకి కుర్చీ కాళ్ళ దాకా వచ్చి వాసన చూసి పోయిందని చెప్పింది. ముట్టుకోలేదు కదా అని అతను కంగారుపడేవాడు. లేదు, నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి అనేది. వదిన వచ్చినప్పుడల్లా చెల్లెలి రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, కొత్త గీత కనబడక, ఏదో పోగొట్టుకున్నదానిలా కూర్చునేది.

అయితే ఇంకొకటి జరిగింది. ఆమె మాట్లాడ్డం మొదలుపెట్టింది. అతనితో కాదు, పిల్లితో. సాయంత్రం అతను చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే తలుపు వెనక ఆమె గొంతు సన్నగా, ఆగకుండా వినబడేది. ఏం చెబుతోందో తెలిసేది కాదు. తాళం తిరగ్గానే టక్కున ఆగిపోయేది. లోపలికొస్తే "బాగానే ఉంది. మీకెలా జరిగింది?" ఇవే మాటలు. పిల్లి మీద అసూయపడే మొగుడు ఎక్కడైనా ఉంటాడా అని అతను తనని తానే వెక్కిరించుకున్నాడు గాని, అసూయ పోలేదు. రోజంతా సరిపడా మాటలు ఆమె దగ్గరున్నాయి. అందులో తన వాటా రెండే.

ఆ రోజు ఫ్రిజ్ ఎక్కిస్తున్నారు. మేస్త్రీ కింది వైపు పట్టుకున్నాడు. మెట్ల మలుపు దగ్గర నడుములో ఏదో కలుక్కుమంది, కాళ్ళు తనవి కానట్టయిపోయాయి. తోటివాడు చటుక్కున భుజం ఆనించకపోతే ఫ్రిజ్జూ మనిషీ కలిసి కిందికి వచ్చేవారు. కాసేపు గోడకి చేరగిలబడితే కాళ్ళలోకి జీవం వచ్చింది గాని, నిటారుగా నిలబడటం చేతకాలేదు. మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. పట్టీ విప్పడానికి కూడా ఓపిక లేక దాంతోనే బయల్దేరాడు. తన ఇంటి మెట్లు తనకే కొండయ్యాయి. కమ్మీ పట్టుకుని, పక్కవాటుగా, ప్రతి మలుపు దగ్గరా కూర్చుంటూ ఎక్కాడు. అంత నెమ్మదిగా ఆ మెట్లు అతనెప్పుడూ ఎక్కలేదు. అందుకే ఏ చప్పుడూ కాలేదు.

వాళ్ళ గది కిటికీ ఒకటి మెట్ల పక్క వరండాలోకి ఉంటుంది. గాలి కోసం రెక్క కొంచెం తీసిపెట్టి ఉంది. మేస్త్రీ తాళంచెవి తీయబోతూ అటు చూసి ఆగిపోయాడు.

బీరువా వెనకావిడ ఆమె ఒళ్ళో ఉంది. మొత్తం పిల్లి, తోకతో సహా. చిరిగిన చెవి ఆమె మోచేతి కింద దూర్చుకుని పడుకుంది. ఎవరూ తెచ్చి పెట్టలేదు. అదే వచ్చి కూర్చుంది. మేస్త్రీకి కళ్ళు చెమర్చాయి. నడుం నొప్పి కూడా ఒక్క క్షణం మర్చిపోయాడు. పిల్లి ఇంక ఈ ఇంట్లోనే ఉంటుంది, వదిన కాదు కదా ఎవరొచ్చినా తీసుకుపోలేరు అనుకున్నాడు. అప్పుడు ఆమె మాటలు చెవినపడ్డాయి.

"పగలు ఫర్వాలేదే. రాత్రే నాకు భయం. కళ్ళు మూసుకుంటే మళ్ళీ తెరుస్తానో లేదో అనిపిస్తుంది. ఇదివరకు ఆయన పక్కనుండేవారు, ఆ ఊపిరి వింటూ పడుకునేదాన్ని. అది వినబడుతుంటే నేనింకా ఉన్నాననిపించేది. ఇప్పుడాయన వంటింట్లో పడుకుంటున్నారు. ఏమీ వినబడదు." పిల్లి వీపు మీద చెయ్యి వేయలేదు, పక్కన ఆనించి ఉంచిందంతే. "చెబుదామంటే ఆయన ఏం కాదులే అంటారు. ఆ మాట అన్నాక నేనింకేం చెప్పను, చెప్పు?"

తలుపు తీస్తే పిల్లి పారిపోతుంది. తీయకపోతే ఏం చెయ్యాలో తెలియదు. మేస్త్రీ వెనక్కి రెండడుగులు వేసి మెట్ల మీద కూలబడ్డాడు. ఎంతమంది చేతుల్లోంచి ఎన్ని బరువులు అందుకుని ఉంటాడు. పక్కన పడుకున్న మనిషి మనసులో బరువెంతో ఒక్కనాడూ చూడలేదు. ఏం కాదులే అన్నది ఆమెకి ధైర్యం చెప్పడమని అనుకున్నాడు. నిజానికి అది తలుపు వేసెయ్యడం. త్వరగా తేల్చేసి పడుకోవాలన్న తొందర తప్ప అందులో ఇంకేమీ లేదని ఇప్పుడు తెలుస్తుంటే, సిగ్గుతో ముఖం కాలిపోయింది.

పై అంతస్తు ట్యూషన్ మాస్టారు మెట్లు దిగుతూ, ఏమిటి ఇక్కడ కూర్చున్నారు, తాళం మర్చిపోయారా అని అడిగాడు. మేస్త్రీ వేలు పెదవుల మీద పెట్టుకుని, లోపల పిల్లి ఉందని గుసగుసగా చెప్పాడు. మాస్టారు అతన్ని ఎగాదిగా చూసి, పిల్లికి భయపడి బయట కూర్చున్న ఆ భారీ మనిషిని ఏమనాలో తెలియక, మునివేళ్ళ మీద దిగి వెళ్ళిపోయాడు.

వరండాలో వెలుగు తగ్గేదాకా అలాగే కూర్చున్నాడు. లోపల ఆమె కుర్చీ కిర్రుమంది, నీళ్ళ గ్లాసు చప్పుడైంది. పిల్లి దిగిపోయిందని అర్థమై, అప్పుడు లేచి తలుపు తీశాడు. వంటింట్లోకి పోలేదు. గుమ్మంలో నిలబడ్డాడు. అలికిడికి బీరువా వెనక ఏదో సర్రున దూరింది.

"అప్పుడే వచ్చారే" అని ఆమె ఆశ్చర్యపోయింది. అతని నడుముకున్న పట్టీ చూసి అక్కడే ఆగిపోయింది. "ఎలా జరిగింది?" అంది, చిన్నగా.

తేలిక సామానే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"నడుము పోయింది" అన్నాడు. "ఇవాళ కాదు, ఎప్పుడో పోయింది. నీకు చెప్పలేదు. ఫ్రిజ్ మీద పడబోయింది. నాకు భయమేసింది."

ఆమె దగ్గరికొచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. కుర్చీలో కూర్చోలేక నేలమీదే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె పట్టీ విప్పింది. పట్టీ ఎన్నాళ్ళ నుంచి కడుతున్నారని అడిగింది. చెప్పాడు. ఎక్కడ దాచేవారని అడిగింది. అదీ చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. అతని పక్కనే, బీరువాకి వీపు పెట్టి, మెల్లగా నేలమీద కూర్చుంది. రాత్రుళ్ళ భయం సంగతి ఆమె తనతో చెబుతుందో లేదో అతనికి తెలియదు. కిటికీలోంచి విన్నానని చెబితే అయిపోతుంది. కాని అలా చేస్తే మళ్ళీ తనే మెడ పట్టి లాగినట్టు. ఊరుకున్నాడు.

"ఇవాళ చాప ఇక్కడికి తెచ్చుకోండి" అంది చివరికి. "పిల్లి రాకపోతే మానె. రాత్రుళ్ళు నాకు భయంగా ఉంటోంది."

అతని నోరు అలవాటుగా తెరుచుకుంది. మూసుకున్నాడు. ఆమె ఏం కాదులే అన్న ఆ రెండు మాటల కోసమే ఎదురుచూస్తున్నట్టు అతని వైపు చూస్తోంది.

"ఎలా ఉంటుంది?" అని అడిగాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ముందు ఒక్కో మాటా వెతుక్కుంటూ, తర్వాత ఆగకుండా. ఆపరేషన్ బల్ల మీద దీపాలు ఎలా ఉండేవో చెప్పింది. పడుకునేముందు చెయ్యి గుండె మీద పెట్టుకుని ఎందుకు లెక్కపెట్టుకుంటుందో చెప్పింది. ఫ్యాక్టరీలో తన కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటున్నారో ఊహించుకుని ఏడ్చిన సంగతి చెప్పింది. గదిలో దీపం వెయ్యాలని ఇద్దరికీ తోచలేదు. మేస్త్రీకి ఆకలిగా ఉంది, నడుము మండిపోతోంది, కాలు తిమ్మిరెక్కింది. కదలకుండా విన్నాడు.

ఆమె వెనక, బీరువా చివర, బూడిదరంగు ముఖం బయటికొచ్చింది. అతన్ని చూసింది. ఇంకొంచెం ముందుకొచ్చి, ముందు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని అక్కడే కూర్చుంది. పారిపోలేదు. అతను గదిలో ఉండగా అది బయటికి రావడం అదే మొదటిసారి. వెనక్కి తిరిగి చూడు అని చెప్పాలని మేస్త్రీ ప్రాణం కొట్టుకుంది. కాని ఆమె మాట మధ్యలో ఉంది. అతను చెప్పలేదు.